పాత ఫొటోను బ్రష్‌తో బాగుచేయడం: గింప్‌లో మొదటి నుంచి చివరి దాకా

తాతయ్యదో నానమ్మదో ఉన్న ఒకే ఒక్క ఫొటో చాలా ఇళ్లలో బీరువా అడుగున ఏ ఎల్‌ఐసీ బాండ్ల కవర్లోనో నలిగిపోయి ఉంటుంది. నడిమధ్యన మడత, ఒక మూల చెద తిన్న ముక్క, ముఖం పక్కన పసుపు మరక. ఈ రోజుల్లో దాన్ని ఫోన్‌లో ఏదో ఒక ఏఐ యాప్‌కి ఇస్తే అర నిమిషంలో తళతళలాడే ముఖం చేతిలో పెడుతుంది, కాకపోతే ఆ ముఖం తాతయ్యది కాదు. పోయిన కన్ను ఎలా ఉండేదో యాప్‌కి తెలియదు కాబట్టి లక్షల ఫొటోల్లో చూసిన కళ్లలోంచి ఒకటి అతికిస్తుంది. నలుగురూ చూసి "బాగుంది, కానీ ఎవరిలాగో ఉన్నారేంటి" అంటారు.

బ్రష్‌తో చేసే రీటచింగ్‌లో ఆ గొడవ ఉండదు. పాడైన చోటు పక్కనే ఉన్న మంచి చోటును తీసుకొచ్చి కప్పుతాం, అంటే ఫొటోలో ఉన్న దాంతోనే ఫొటోను బాగుచేస్తాం. టైమ్ పడుతుంది, మామూలుగా పాడైన ఫొటోకి ఒక సాయంత్రం, ముఖం మీదుగా చిరిగిన దానికి ఒక ఆదివారం మొత్తం. కష్టమైన పని కాదు, ఓపిక కావాల్సిన పని. ఆ ఓపిక ఎక్కడ పెట్టాలో, ఎక్కడ చెయ్యి తీసేయాలో తెలిస్తే చాలు.

ఏం కావాలి

నేను గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చెబుతాను, ఎందుకంటే అది ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్ అయినా పర్లేదు. 1995లో బర్కిలీలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబాల్, పీటర్ మ్యాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది, 2025 మార్చిలో 3.0 వెర్షన్ వచ్చింది. మీ దగ్గర 2.10 ఉన్నా ఇక్కడ చెప్పేవన్నీ పనిచేస్తాయి. ఫొటోషాప్ వాడేవాళ్లకు కూడా పద్ధతి ఇదే, టూల్స్ పేర్లు కాస్త మారతాయి, గింప్‌లో కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేసే చోట ఫొటోషాప్‌లో ఆల్ట్ పట్టుకోవాలి.

మౌస్ చాలు. పెన్ టాబ్లెట్ ఉంటే చెయ్యి నొప్పి తగ్గుతుంది, ఒత్తిడిని బట్టి బ్రష్ పెద్దదీ చిన్నదీ అవుతుంది, కానీ ఈ ఒక్క పని కోసం కొనక్కర్లేదు. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో మాత్రం ప్రయత్నించకండి, విసుగొచ్చి మధ్యలో వదిలేస్తారు. ఫోన్‌లో స్నాప్‌సీడ్ లాంటి యాప్‌లో హీలింగ్ అని మచ్చలు కప్పే టూల్ ఉంటుంది, ఒకటి రెండు దుమ్ము చుక్కలకు అది పనికొస్తుంది. ఎక్కడి నుంచి కాపీ చేయాలో మనం చెప్పే వీలు అందులో లేదు కాబట్టి మడతలకూ చిరుగులకూ పనికిరాదు.

స్కాన్ దగ్గరే సగం పని

ఫొటోను ఫోన్‌తో ఫొటో తీసి దాన్ని రీటచ్ చేద్దామనుకుంటే కుదురుతుంది గానీ ముందే చెబుతున్నా, స్కానర్ దొరికితే స్కానరే మేలు. మామూలు పోస్ట్‌కార్డ్ సైజు ప్రింట్‌కి 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, పెట్టండి. 4×6 అంగుళాల ఫొటో అప్పుడు 2400×3600 పిక్సెళ్లు వస్తుంది, దాన్ని 8×12 అంగుళాల ప్రింట్ వేయించినా 300 డీపీఐ ఉంటుంది. పాస్‌పోర్ట్ సైజు ఫొటో అయితే 1200 పెట్టండి. చాలా ఇళ్లలో పెద్దవాళ్ల ఫొటో అంటే ఏ రేషన్ కార్డు కోసమో తీయించిన ఆ చిన్న ముక్కే, అంతకంటే వేరే దిక్కు ఉండదు.

నలుపు తెలుపు ఫొటో అయినా సరే, కలర్‌లోనే స్కాన్ చేయండి. ఇది చాలామంది పట్టించుకోరు, తర్వాత మరకలు తీసేటప్పుడు ఇదే కాపాడుతుంది, ఎలాగో కింద చెబుతాను. ఫైల్ టిఫ్ గానీ పీఎన్‌జీ గానీ అయి ఉండాలి. జేపెగ్‌లో సేవ్ చేస్తే గీతల చుట్టూ చిన్న చిన్న చదరాల చెత్త చేరుతుంది, బ్రష్ దాన్ని కూడా కాపీ చేస్తుంది. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో "డస్ట్ రిమూవల్", "షార్పెన్" లాంటివి ఉంటే ఆపేయండి.

స్కానర్ అద్దం మెత్తటి బట్టతో తుడవండి. ఫొటోను మాత్రం తడిబట్టతో తుడవకండి, పాత ప్రింట్ల పైపొర తడికి ఉబ్బి అతుక్కుంటుంది. ఫ్రేమ్‌లో గాజుకు అతుక్కుపోయిన ఫొటోను లాగొద్దు, బొమ్మ గాజు మీదే ఉండిపోయి కాగితం చేతికొస్తుంది. గాజుతో సహా స్కాన్ చేయండి, లేదా కిటికీ పక్కన నీడలో పెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను ఫొటోకి సరిగ్గా ఎదురుగా పట్టుకుని తీయండి. ఫోన్‌తో తీసిన దాన్ని కంప్యూటర్‌కి వాట్సాప్‌లో పంపుకుంటే డాక్యుమెంట్‌గా పంపుకోండి, ఫొటోగా పంపితే కుదించేస్తుంది.

ఎనభైలు తొంభైల నాటి కలర్ ప్రింట్లలో కొన్నిటికి పైన తేనెపట్టులా గరుకు డిజైన్ ఉంటుంది. స్కానర్ లైటు ఒక పక్క నుంచే పడుతుంది కాబట్టి ఆ గరుకంతా నీడలతో సహా స్కాన్‌లో కనిపిస్తుంది. అలాంటి ఫొటోను ఒకసారి మామూలుగా, ఇంకోసారి తలకిందులుగా పెట్టి స్కాన్ చేయండి, రెండో దాన్ని 180 డిగ్రీలు తిప్పి మొదటి దాని మీద లేయర్‌గా, అంటే పైన పరిచిన ఒక పొరలా, సరిగ్గా కూర్చోబెట్టి దాని ఓపాసిటీ (ఆ పొర ఎంత దట్టంగా కనిపించాలన్నది) 50 శాతం చేయండి. నీడలు ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. బ్రష్‌తో ఆ గరుకు తీయాలని కూర్చుంటే జన్మకి అవ్వదు.

బ్రష్ పట్టుకునే ముందు

ఫైల్ తెరవగానే లేయర్‌ను డూప్లికేట్ చేయండి, షిఫ్ట్, కంట్రోల్, డి కలిపి నొక్కాలి. కింద ఉన్న అసలు లేయర్‌ను ఇక ముట్టుకోవద్దు. పనంతా పై లేయర్ మీదే, అందులోనూ ఒక్కో రకం పని అయ్యాక మళ్లీ ఒక డూప్లికేట్ తీసుకోండి: దుమ్ము, మడత, ముఖం అని పేర్లు పెట్టుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు. ముఖం దగ్గర ఏదైనా తేడా కొడితే మడతల పని పోకుండా ముఖం లేయర్ ఒక్కటే తీసేయొచ్చు.

ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో సిస్టమ్ రిసోర్సెస్‌కి వెళ్లి అన్‌డూ లెవెల్స్ సంఖ్య 100 చేయండి. మామూలుగా ఉండే సంఖ్య చాలా తక్కువ. రీటచింగ్‌లో వందల క్లిక్కులు పడతాయి, పది క్లిక్కుల ముందు చేసిన పని ఇప్పుడు బాలేదని తెలుస్తుంది.

ఇక బ్రష్. గింప్‌లో "హార్డ్‌నెస్ 050", "హార్డ్‌నెస్ 075" అని రెడీగా గుండ్రటి బ్రష్‌లు ఉంటాయి, ఈ రెండూ చాలు. పూల బ్రష్‌లు, పొగ బ్రష్‌లు ఈ పనికి అక్కర్లేదు. చదరపు బ్రాకెట్ల కీలతో సైజు పెంచడం తగ్గించడం అలవాటు చేసుకోండి, ప్రతి మచ్చకూ సైజు మారుతుంది కాబట్టి ప్రతిసారీ స్లైడర్ దగ్గరికి వెళ్తే పని సాగదు. మచ్చ ఎంత ఉందో బ్రష్ దానికంటే కొంచెమే పెద్దది ఉండాలి. పెద్ద బ్రష్‌తో త్వరగా అయిపోతుందనిపిస్తుంది, కానీ మచ్చతో పాటు దాని చుట్టూ ఉన్న మంచి చోటు కూడా పోతుంది.

హార్డ్‌నెస్ అంటే బ్రష్ అంచు ఎంత పదునుగా ఉందన్నది. చర్మం, గోడ, ఆకాశం లాంటి చోట 50, భుజం అంచు, కుర్చీ చెయ్యి, కళ్లజోడు ఫ్రేమ్ లాంటి చోట 75 పైన. మరీ మెత్తటి బ్రష్ వాడితే ప్రతి దెబ్బ చుట్టూ మసక వలయం మిగులుతుంది, దూరం నుంచి చూస్తే ఫొటో మీద వేళ్లు పెట్టినట్టు ఉంటుంది. ఓపాసిటీ దుమ్ముకీ గీతలకీ 100, ముఖం మీద నీడలు సర్దేటప్పుడు 5 నుంచి 15 లోపు. ఇంకో విషయం, గింప్‌లో మౌస్ నొక్కి పట్టుకుని ఒకే చోట ఎంత రుద్దినా ఒక్క పూతే పడుతుంది, ఇన్‌క్రిమెంటల్ అనే ఆప్షన్ పెడితే తప్ప. బటన్ వదిలి మళ్లీ నొక్కితే రెండో పూత. తక్కువ ఓపాసిటీతో పనిచేసేటప్పుడు ఇది గుర్తుంటే చేతికి అదుపు వస్తుంది.

హీల్ ఎప్పుడు, క్లోన్ ఎప్పుడు

రీటచింగ్ బ్రష్‌లలో తొంభై శాతం పని ఈ రెండే చేస్తాయి. కీబోర్డులో సి నొక్కితే క్లోన్, హెచ్ నొక్కితే హీల్. రెండిట్లోనూ ముందు కంట్రోల్ పట్టుకుని మంచి చోట క్లిక్ చేస్తారు, తర్వాత పాడైన చోట రుద్దుతారు. క్లోన్ ఉన్నది ఉన్నట్టు దించుతుంది. హీల్ మాత్రం మంచి చోటు నుంచి చర్మపు గరుకును, కాగితపు గ్రెయిన్‌ను (ఫొటో అంతా ఉండే సన్నటి ఇసుక లాంటి చుక్కలు) తీసుకుని, వెలుగునీడలను మాత్రం పాడైన చోటు చుట్టూ ఉన్న వాటికి సరిపోయేలా సర్దుతుంది. ఫొటోషాప్‌లో హీలింగ్ బ్రష్ 2002లో 7.0తో వచ్చింది, గింప్‌లో 2007లో 2.4తో. అంతకుముందు అంతా క్లోన్‌తోనే లాగించేవారు, చెంప మీద చిన్న మచ్చకి సరిగ్గా సరిపోయే రంగు కోసం చెంపంతా వెతుక్కునేవారు.

అయితే అన్నిటికీ హీల్ వాడేద్దామా అంటే కుదరదు. నల్లటి జుట్టు పక్కన తెల్ల గోడ మీద చుక్క ఉందనుకోండి, హీల్ బ్రష్ అంచు జుట్టును తాకిందంటే ఆ నలుపును లోపలికి లాగి గోడ మీద బూడిద రంగు మరక చేస్తుంది. రెండు రంగులు కలిసే చోట క్లోన్, ఒకే రకం ఉపరితలం మధ్యలో హీల్. దీనికి మినహాయింపులు చాలా తక్కువ.

టూల్ ఆప్షన్లలో అలైన్‌మెంట్ అని ఉంటుంది. మామూలుగా "నన్" ఉంటుంది, అంటే ప్రతి కొత్త దెబ్బకీ మొదట క్లిక్ చేసిన చోటి నుంచే కాపీ అవుతుంది. విడివిడి చుక్కలకు అది సరే. పొడవాటి గీతలకు "అలైన్డ్" పెట్టండి, అప్పుడు మీ బ్రష్ ఎటు కదిలితే మూలం, అంటే కాపీ తీసుకునే చోటు, కూడా అదే దూరంలో పక్కనే కదులుతుంది.

మొదట దుమ్ము, చిన్న చుక్కలు

జూమ్ 100 శాతం పెట్టండి, ఒకటి నొక్కితే చాలు. పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి అడ్డంగా కుడికి, తర్వాత కొంచెం కిందికి దిగి మళ్లీ ఎడమకి. ఎక్కడ పడితే అక్కడ చేస్తే సగం చుక్కలు మిగిలిపోతాయి. ప్రతి చుక్కకీ పక్కనే కంట్రోల్ క్లిక్, చుక్క మీద ఒక్క క్లిక్, రుద్దొద్దు. ఒకే మూలం నుంచి వరసగా ఇరవై చుక్కలు కప్పితే ఆ ముక్క ఇరవై చోట్ల కనిపిస్తుంది, మనిషి కన్ను అలాంటి నకళ్లను చాలా త్వరగా పట్టేస్తుంది. మూలం మారుస్తూ ఉండండి.

తెల్లటి చుక్కలూ సన్నటి గీతలూ మధ్యస్థ రంగు మీద ఉంటే ఒక కిటుకు ఉంది. క్లోన్ తీసుకుని పైన మోడ్‌ను "డార్కెన్ ఓన్లీ" చేయండి. అప్పుడు మూలం కంటే తెల్లగా ఉన్న పిక్సెళ్లే మారతాయి, మిగతా గ్రెయిన్ చెక్కుచెదరదు. నల్ల చుక్కలకు "లైటెన్ ఓన్లీ". దీంతో కొంచెం పెద్ద బ్రష్‌తో కూడా ధైర్యంగా పోవచ్చు.

మడత

అసలు పరీక్ష ఇదే. మడత పడిన చోట పైపొర రాలిపోయి తెల్లటి కాగితం బయటపడి ఉంటుంది, దానికి ఇరువైపులా కాగితం లేచి సన్నటి నీడ కూడా ఉంటుంది. తెల్ల గీత ఒక్కటే కప్పి నీడ వదిలేస్తే మడత ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, అందుకని బ్రష్ ఆ నీడలను కూడా కలుపుకునేంత ఉండాలి.

చాలామంది నేరుగా హీల్ పట్టుకుని గీత మీద లాగుతారు. గీత పొడవుగా ఉంది కాబట్టి బ్రష్ వలయాన్ని ఎక్కడో ఒక చోట అది దాటుతూనే ఉంటుంది, హీల్ ఆ తెలుపును చుట్టుపక్కల వెలుగు అనుకుని లోపలికి కలిపేస్తుంది. ఫలితం, గీత పోయి దాని చోట పాలపొర లాంటి చార వస్తుంది. కాబట్టి రెండు విడతలు: మొదట క్లోన్‌తో గీతను మూసేయండి, రంగు అటూ ఇటూ కొంచెం తేడా ఉన్నా పట్టించుకోకండి. తర్వాత అదే దారిలో హీల్‌తో మెల్లగా వెళ్లండి. ఇప్పుడు తెలుపు లేదు కాబట్టి హీల్ తన పని సరిగ్గా చేస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది కూడా ముఖ్యం. మడత గీత గోడను, తర్వాత భుజాన్ని, కోటు గుండీలను, కుర్చీ చేతిని దాటుకుంటూ పోతుంది. ముందు ఆ దాటే చోట్లు బాగుచేయండి. భుజం అంచు తెగిన చోట హార్డ్‌నెస్ 75తో చిన్న బ్రష్ తీసుకుని, అదే భుజం అంచు మీద కొంచెం పైన కంట్రోల్ క్లిక్ చేసి, అంచు మీద అంచు పడేలా క్లోన్ చేయాలి. అంచులన్నీ కలిశాక మధ్యలో మిగిలిన గోడ, బట్ట ముక్కలు సులువు. తిరగేసి చేస్తే అంచు దగ్గరికొచ్చేసరికి రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారిపోతాయి.

గోడ మీద మడత తిన్నగా ఉంటే షిఫ్ట్ వాడుకోండి. అలైన్డ్ పెట్టి, గీత మొదట్లో దాని పక్కన కంట్రోల్ క్లిక్, గీత మొదట్లో ఒక క్లిక్, తర్వాత షిఫ్ట్ పట్టుకుని కొంచెం దూరంలో ఇంకో క్లిక్. మధ్యలో ఉన్నదంతా ఒక్క దెబ్బకి మూసుకుపోతుంది. మడతలు చూడ్డానికి తిన్నగా ఉన్నా కొంచెం వంకర ఉంటాయి, అందుకని మొత్తం పొడవు ఒకేసారి కాకుండా ముక్కలు ముక్కలుగా చేయండి, ఒక ముక్కకి గీత ఎడమ వైపు నుంచి, ఇంకో ముక్కకి కుడి వైపు నుంచి మూలం తీసుకుంటే నకలు కనిపించదు.

మధ్య మధ్యలో జూమ్ తగ్గించి ఫొటో మొత్తం చూడాలి. 400 శాతంలో భయంకరంగా కనిపించేది ఫొటో మొత్తం మీద కనిపించకపోవచ్చు, దాని మీద అరగంట తగలేయడం దండగ.

మరకలు: బ్రష్ కంటే ముందు చానల్

నలుపు తెలుపు ఫొటోను కలర్‌లో స్కాన్ చేయమన్నది ఇందుకే. కలర్ స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చానళ్లు, అంటే మూడు విడి బొమ్మలు కలిసి ఉంటాయి. పసుపు, గోధుమ రంగు మరక నీలం కాంతిని మింగేస్తుంది, ఎరుపును పెద్దగా ముట్టుకోదు. అందుకని బ్లూ చానల్‌లో ఆ మరక నల్లగా, రెడ్ చానల్‌లో దాదాపు లేనట్టుగా ఉంటుంది. పూజ గదిలో ఉండి పసుపు కుంకుమలు అంటిన ఫొటోలకి ఇది మంత్రంలా పనిచేస్తుంది, ఎందుకంటే కుంకుమ కూడా రెడ్ చానల్‌లోనే పలచబడుతుంది. కలర్స్ మెనూలో కాంపొనెంట్స్, అందులో ఎక్స్‌ట్రాక్ట్ కాంపొనెంట్ తీసుకుని ఆర్‌జీబీ రెడ్ ఎంచుకోండి. ఎవరో నీలి పెన్నుతో పేరు రాసి ఉంటే దానికి బ్లూ చానల్ చూడండి. మిగిలిన కొంచెం మరకను హీల్ చూసుకుంటుంది. కలర్ ఫొటోలకు ఈ సౌకర్యం లేదు, అక్కడ బ్రష్ మీదే భారం.

ముఖం దగ్గర ఆగండి

ఇక్కడ ఏది తీయాలో తేల్చుకోవడమే పెద్ద పని. ఫొటో మీద వచ్చిన మచ్చ వేరు, మనిషి ముఖం మీద ఉన్న మచ్చ వేరు. పాత తరం వాళ్లలో మశూచి మచ్చలున్న ముఖాలు చాలా ఉండేవి, మన దేశంలో ఆ జబ్బు చివరి కేసు నమోదైంది 1975లోనే కదా. స్కాన్‌లో ఆ గుంటలు అచ్చం కాగితం పాడైనట్టే కనిపిస్తాయి. అలాగే ముసలమ్మల నుదుటి మీదో గడ్డం మీదో చిన్న పచ్చబొట్టు చుక్క, అది సిరా మరక అనుకుని తీసేస్తే ఇంట్లో గుర్తుపట్టేవాళ్లు ముందు అడిగేది దాని గురించే. ముక్కుపుడక మెరుపు తెల్ల చుక్కలా ఉంటుంది, హీల్‌తో ఒక్క క్లిక్‌లో మాయమైపోతుంది. కాబట్టి ముఖం మీద చెయ్యి పెట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, వేరే ఫొటో ఏదైనా ఉంటే పక్కన తెరిచి పెట్టుకోండి. అనుమానం ఉన్న మచ్చను వదిలేయండి.

స్టూడియోలో తీసిన పాత పోర్ట్రెయిట్లలో బుగ్గల మీద, కళ్ల కింద సన్నటి పెన్సిల్ గీతల లాంటివి కనిపించొచ్చు. అవి నిజంగా పెన్సిల్ గీతలే. ఆ రోజుల్లో రీటచర్ నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ముడతలు తగ్గించేవాడు, ప్రింట్ మీద మిగిలిన తెల్ల చుక్కలను సన్న కుంచెతో రంగు అద్ది మూసేవాడు. మనం చేసేది కొత్త పనేం కాదు. ఆ గీతలను నేనైతే ఉంచేస్తాను, అవి కూడా ఆ ఫొటో చరిత్రే.

చర్మం మీద హీల్ వాడేటప్పుడు మూలం అదే దిశలో, అదే వెలుగులో ఉండాలి. నుదుటి మీద గీతకు నుదుటి నుంచే, బుగ్గకు అదే బుగ్గ నుంచే. ముక్కు పక్కన, పెదవుల అంచు, కనురెప్పలు ఇవన్నీ క్లోన్ పనే, బ్రష్ అయిదారు పిక్సెళ్లు మించకూడదు. ముడతలు తగ్గించాలని ఉంటే డూప్లికేట్ లేయర్ మీద ముడతను పూర్తిగా తీసేసి, ఆ లేయర్ ఓపాసిటీ సగానికి తగ్గించండి. ముడత పలచబడుతుంది, వయసు మిగులుతుంది. డెబ్బై ఏళ్ల మనిషికి పాతికేళ్ల నుదురు పెట్టకండి.

ఒక కన్ను పూర్తిగా పోయిందనుకోండి. రెండో కన్నును కాపీ చేసి అడ్డంగా తిప్పి పెట్టడం అందరూ చేసే పనే, కానీ కంటి పాపలో వెలుగు చుక్క కూడా తిరగబడుతుంది. కిటికీ ఎడమ వైపు ఉంటే రెండు కళ్లలోనూ వెలుగు చుక్క ఎడమ వైపే ఉండాలి. తిప్పిన కంట్లో పాత చుక్కను మూసేసి సరైన వైపు చిన్న తెల్ల చుక్క పెట్టండి. చూపు కూడా తేడా రాకుండా కనుపాపను అటో ఇటో కొంచెం జరపాల్సి రావచ్చు, లేకపోతే మెల్లకన్ను వస్తుంది. తర్వాత ఆ లేయర్‌కి మాస్క్ పెట్టి, నల్ల రంగు మెత్తటి బ్రష్‌తో అంచులు చెరిపేస్తే కింది చర్మంలో కలిసిపోతుంది. మాస్క్‌లో నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది, ఎక్స్ నొక్కితే రెండు రంగులూ అటూ ఇటూ మారతాయి. పొరపాటున ఎక్కువ చెరిపితే తెలుపుతో మళ్లీ రప్పించుకోవచ్చు, అందుకే రబ్బర్ టూల్ జోలికి పోవద్దంటాను.

రంగు గురించి ఒక మాట. ఫొటో బాగుచేయమని ఇస్తూ "కొంచెం తెల్లగా చెయ్యండి" అనడం మన దగ్గర మామూలే. చేయకండి. చామనఛాయ మనిషిని తెల్లగా చేయగానే ముఖంలో వెలుగునీడల మెట్లు చెరిగిపోయి బొమ్మ బల్లపరుపుగా తయారవుతుంది, ముక్కు ఎక్కడుందో కూడా తెలియదు. పైగా ఎరుపు రంగుకు స్పందించని పాత ఫిల్ముల మీద తీసిన ఫొటోల్లో చర్మం అసలు కంటే ముదురుగా, ఎర్ర బొట్టు నల్లగా పడేది. అలాంటి ఫొటోలో ఒక మెట్టు తేలిక చేయడం న్యాయమే, అది కూడా ముఖం ఒక్కటే కాదు, చేతులు, మెడ కలిపి.

జరీ అంచు, నగలు, పూలు

చీర అంచులో డిజైన్ ఒక లెక్కలో తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి నిజానికి సులువు. డిజైన్‌లో ఒక గుర్తు పట్టుకోండి, మామిడి పిందె కొన అనుకుందాం. బాగున్న పిందె కొన మీద కంట్రోల్ క్లిక్, పాడైన పిందె కొన ఉండాల్సిన చోట మొదటి క్లిక్, అలైన్డ్‌లో పెట్టి నింపుకుంటూ పోవడమే. చీర మడత తిరిగే చోట మాత్రం డిజైన్ దిశ మారుతుంది, అక్కడ ఆగి కొత్త మూలం తీసుకోవాలి. జడలో పూలు, బంగారపు గొలుసు పూసలు అన్నీ ఇదే పద్ధతి. చేతి వేళ్లు మాత్రం చెద తినేస్తే వదిలేయడమే మంచిది లేదా ఫ్రేమ్‌ను ఆ మేరకు కత్తిరించండి, వేళ్లు కల్పించి గీయడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.

వెలిసిన చోట్లు: డాడ్జ్, బర్న్

గీతలన్నీ పోయాక ఫొటో ఒక పక్క వెలిసి, ఇంకో పక్క ముదురుగా ఉందని కొత్తగా కనిపిస్తుంది. డార్క్‌రూమ్‌లో ప్రింట్ వేసేటప్పుడు చేతిని అడ్డం పెట్టి ఒక చోట కాంతి తగ్గించేవారు, ఇంకో చోట ఎక్కువసేపు పడనిచ్చేవారు, డాడ్జ్, బర్న్ అన్నవి అక్కడి నుంచి వచ్చినవే. గింప్‌లో ఆ పేరుతో టూల్ ఉంది కానీ అది నేరుగా బొమ్మను మార్చేస్తుంది. దానికంటే పైన కొత్త లేయర్ తీసుకుని 808080 అనే మధ్యస్థ బూడిద రంగుతో నింపి, మోడ్ సాఫ్ట్ లైట్ చేయండి. ఫొటోలో ఏ మార్పూ కనిపించదు. ఇప్పుడు మామూలు పెయింట్ బ్రష్, పెద్ద సైజు, మెత్తటి అంచు, ఓపాసిటీ 6 లేదా 8. వెలిసిన చోట నలుపుతో, ముదిరిన చోట తెలుపుతో పూతలు పూతలుగా వేయండి. ఎక్కువైందనిపిస్తే అదే బూడిద రంగు పూస్తే మొదటికి వస్తుంది.

కళ్లలోని తెలుపు, పళ్లు ఇక్కడే కొంచెం తేలిక చేయొచ్చు, ఒకటి రెండు పూతలు మించొద్దు. పాన్ నమిలిన పళ్లు మల్లెపూలలా మెరవక్కర్లేదు.

గ్రెయిన్ తిరిగి వేయడం

ఎంత జాగ్రత్తగా చేసినా బ్రష్ తిరిగిన చోట గ్రెయిన్ కాస్త చదునవుతుంది, ముఖ్యంగా హీల్ మీద హీల్ వేసిన చోట. పని అంతా అయ్యాక కనిపించేదంతా కలిపి ఒక కొత్త లేయర్ చేసుకోండి, లేయర్ మెనూలో న్యూ ఫ్రమ్ విజిబుల్ అని ఉంటుంది. ఫిల్టర్స్, నాయిస్, ఆర్‌జీబీ నాయిస్‌కి వెళ్లి, ఇండిపెండెంట్ ఆర్‌జీబీ అన్న టిక్ తీసేసి, చాలా తక్కువ విలువ పెట్టండి. టిక్ తీయకపోతే నలుపు తెలుపు ఫొటోలో రంగు రంగుల ఇసుక కనిపిస్తుంది. తర్వాత ఈ లేయర్‌కి నల్ల మాస్క్ వేసి, మీరు రీటచ్ చేసిన చోట్ల మాత్రమే తెల్ల బ్రష్‌తో బయటికి రప్పించండి. నున్నటి ప్లాస్టిక్ చర్మం పోయి కాగితం మీద ఫొటోలా అవుతుంది. షార్పెన్ చేయాలనుకుంటే అన్నిటికంటే చివర, అది కూడా కొంచెమే.

సేవ్, ప్రింట్

కంట్రోల్ ఎస్ నొక్కితే ఎక్స్‌సీఎఫ్ ఫైల్ వస్తుంది, లేయర్లన్నీ అందులో ఉంటాయి. ప్రింట్ కోసం షిఫ్ట్, కంట్రోల్, ఈ నొక్కి జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి, క్వాలిటీ 95. అసలు స్కాన్ ఫైల్‌ను వేరే ఫోల్డర్‌లో, వీలైతే వేరే డిస్క్‌లో కూడా దాచండి. అన్నదమ్ముల పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, వాళ్లకు కూడా అసలు స్కాన్ పంపితే అదే పెద్ద బ్యాకప్.

ఈ టూల్స్ చేతికి అలవాటయ్యాక సొంత పాస్‌పోర్ట్ ఫొటో మీద మొటిమ తీసేద్దామనిపిస్తుంది. వీసా ఫొటోల జోలికి వెళ్లొద్దు. అమెరికా లాంటి దేశాలు రూపాన్ని మార్చేలా ఎడిట్ చేసిన ఫొటోలను ఒప్పుకోవు, దరఖాస్తు వెనక్కి వస్తే ఆ టెన్షన్ అనవసరం.

ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు "ఆటో కరెక్షన్ వద్దు" అని నోటితో చెప్పి, ఫైల్ పేరులో కూడా రాయండి. చాలా చోట్ల మెషీన్ దానంతట అదే కాంట్రాస్ట్ పెంచి, ముఖాలు తెల్లబరిచి ప్రింట్ వేస్తుంది. ముందు 4×6 ఒక్కటి వేయించి పగటి వెలుగులో చూడండి, స్క్రీన్ మీద కంటే ముదురుగా వస్తే కలర్స్ మెనూలోని లెవెల్స్‌లో మధ్య స్లైడర్ కొంచెం ఎడమకి జరిపి, అప్పుడు పెద్ద సైజు ఇవ్వండి. పూజ గదిలో పెట్టే ఫొటో అయితే మ్యాట్ పేపర్ అడగండి, గ్లాసీ మీద దీపం వెలుగు పడి ముఖం కనిపించదు.